మడత తీసిన షీటు

పోలీసు రికార్డులో కిషన్ గురించి పదకొండు లైన్లున్నాయి. వాటిని టైపు చేసింది నేనే. అవి చదివినవాళ్లకు కిషన్ ఒక జేబుదొంగ, అంతే. అందుకే మిగతాది ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి నీకేం అర్హత ఉందయ్యా అని ఎవరైనా అడిగితే, లేదు. సిగ్గు మాత్రం కావలసినంత ఉంది.

నా పేరు హెర్బర్ట్. మాది మెదక్. అక్కడి మిషన్ బడిలో చదువుకుని, టైపు పరీక్ష పాసై, 1983లో హైదరాబాదు వచ్చి కానిస్టేబుల్‌గా చేరాను. సర్వీసులో ఎక్కువ భాగం అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య ఉన్న ఒక ఠాణాలోనే గడిచింది. ఏ ఠాణా అని అడగకండి. తప్పు నాది, దాన్ని ఠాణా నెత్తిన రుద్దడం ఎందుకు?

కిషన్ తల్లి నాంపల్లి స్టేషన్ ఎదుటి సరాయి సత్రంలో గదులు ఊడ్చేది. కొడుకు స్టేషన్‌లోనే పెరిగాడు. పద్దెనిమిదేళ్లకే టికెట్ల క్యూలో నిలబడి, వేళ్ల సందున సగం బ్లేడు పెట్టుకుని, ముందున్నవాడి జేబు కోసేవాడు. మూడుసార్లు పట్టుబడ్డాడు. మూడోసారి పడ్డప్పుడు నేను మా ఠాణాలో కానిస్టేబుల్‌ని. ఆ కేసులో చంచల్‌గూడ జైల్లో ఎనిమిది నెలలున్నాడు. జైలు నుంచి బయటికొచ్చిన రోజు ఇంటికి పోకుండా నేరుగా మా ఠాణాకు వచ్చాడు. అప్పుడు మా స్టేషన్ రైటర్, అంటే ఠాణాలో రాతకోతలన్నీ చూసే మనిషి, లక్ష్మణరావు గారు.

"సార్, నా పెండ్లాం నీళ్లాడే దినాలొచ్చినయి. ఏదన్న పని ఇప్పియ్యుండ్రి. లేకుంటే మళ్ల గదే క్యూల నిలబడ్త," అన్నాడు.

బెదిరింపులా వినిపించే ఆ మాటకు ఇంకొకరైతే చెంప పగలగొట్టేవారు. లక్ష్మణరావు గారు టోపీ పెట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని మొజంజాహీ మార్కెట్ దాకా నడిచారు. అక్కడ ఐస్‌క్రీం దుకాణం నడిపే వామన్‌రావు ముందు నిలబెట్టి, "వీడు నా జిమ్మేదారి," అన్నారు. వామన్‌రావు ఇంకో మాట అడగలేదు. అది 1987.

అప్పట్లో అక్కడ ఐస్‌క్రీం చేత్తోనే తిప్పేవాళ్లు. చెక్క పీపాలో డబ్బా, డబ్బా చుట్టూ ఐసు, ఐసు మీద దొడ్డుప్పు. మామిడి రోజుల్లో మామిడి, వానలు తగ్గాక సీతాఫలం. ఉప్పూ ఐసూ కలిసి మనిషి చేతుల్ని తినేస్తాయి. రెండేళ్లకల్లా కిషన్ వేళ్లు పగిలి, మొద్దుబారి, చెక్కముక్కల్లా అయ్యాయి. "ఈ వేళ్లతోని ఇప్పుడు జేబు గాదు, అంగీ గుండీ గూడ తియ్యరాదు సార్," అని నవ్వేవాడు. నిజంగా సంతోషంగానే నవ్వేవాడు.

కూతురు పుడితే వామన్‌రావు భార్య ప్రభావతమ్మే అక్షిత అని పేరు పెట్టింది. తర్వాత వాణ్ణి పీపా దగ్గర్నుంచి తీసి, కప్పులు అందించే చోట నిలబెట్టారు. అక్కడ కిషన్‌కో అలవాటుండేది. కప్పు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు, రాతి పలక మీద పెట్టి ముందుకు జరిపేవాడు. గుంపులో నడవాల్సి వస్తే రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని నడిచేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. "నా చేతులు యాడున్నయో అందరికి కనబడాలె గద సార్," అన్నాడు. పద్నాలుగేళ్లు అట్లాగే నడిచాడు. కూతురికి పాత సంగతి తెలియనివ్వలేదు.

ఇక షీటు సంగతి. దొంగతనాల్లో పడ్డవాళ్ల మీద ఠాణాలో ఒక సస్పెక్టు షీటు తెరుస్తారు. తెరవడం తేలిక, మూయడం కష్టం. మూయాలంటే పై ఆఫీసరు ఉత్తర్వు కావాలి. దొంగ మారాడని కాగితం రాసి పైకి పంపే తీరిక ఎవరికుంటుంది? అందుకని పాతకాలం రైటర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనిషి అయిదారేళ్లు బుద్ధిగా ఉన్నాడనిపిస్తే అతని షీటు కుడిపక్క పైమూలను లోపలికి మడిచేవారు. ఏ రూలు పుస్తకంలోనూ లేదది. మడత ఉన్న షీటు జోలికి పోవద్దని ఠాణాలో ప్రతి కానిస్టేబుల్‌కూ తెలుసు. రాత్రి తనిఖీకి వాడి తలుపు తట్టరు. పండగలకు ముందు వాణ్ణి పిలిపించరు. కిషన్ షీటును లక్ష్మణరావు గారు అతని కళ్లముందే మడిచారు.

రిటైరయ్యేటప్పుడు ఆయన బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, "హెర్బర్ట్, రాసింది అందరు చదువుతరు. నువ్వు మడత జూడు," అన్నారు. తల ఊపాను. తల ఊపడంలో నాకు మంచి పేరే ఉండేది.

2000లో మా ఠాణాకు కంప్యూటర్ వచ్చింది. ఏసీ గది, గాజు తలుపు, బయట చెప్పులు విడిచి లోపలికి పోవడం. డివిజన్ మొత్తంలో టైపు వచ్చిన స్టేషన్ రైటర్ని నేనొక్కణ్ణే. శిక్షణకు లక్డీకాపూల్‌లోని ఒక ఆఫీసుకు పదిహేను రోజులు పంపించారు. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ మాబెల్‌కు మౌసు అంటే ఏమిటో, ఫైలు ఎట్లా సేవ్ చేస్తారో చెప్తుంటే ఆమె కూరగాయలు తరుగుతూ "ఊ" కొట్టేది. నాకు గర్వం తలకెక్కింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఆ మిషన్‌ను నేను తిట్టను. అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలామెను చంపి నగలు ఎత్తుకుపోయినవాణ్ణి వేలిముద్రలతో ఒక్క పూటలో చూపించింది. అంతకుముందైతే అది నెలల పని. పోయిన పిల్లల ఫొటోలు ఒక ఠాణా నుంచి ఇంకో ఠాణాకు నిమిషంలో చేరేవి. మంచి పనికి మంచిగానే పనికొచ్చింది. దాని ముందు కూర్చున్న మనిషే తేడా.

షీట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. మొత్తం నాలుగు వందల పన్నెండు. అందులో మడతవి అరవై ఒకటి. వాటిని వేరే కట్ట కట్టి బీరువా పైన పెట్టాను. ఇంతవరకూ నాలో మనిషి బతికే ఉన్నాడు. మిగతావి ఎక్కించడం అయ్యాక ఇన్‌స్పెక్టర్ గారు లెక్క చూశారు.

"రిజిస్టర్ల నాలుగు వందల పన్నెండు, నీ మిషన్ల మూడు వందల యాభై ఒకటి. మిగిలినయి యాడబోయినయి?"

అప్పుడు నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది. సార్, ఇదీ పద్ధతి, వీళ్లు మారిన మనుషులు అని. ఆయన తిట్టేవారేమో, వినేవారేమో. కానీ డివిజన్‌లో మొదట పూర్తిచేసిన ఠాణాకు కమిషనర్ గారి చేతుల మీదుగా ప్రశంసాపత్రం ఇస్తారని ఆ వారమే సర్క్యులర్ వచ్చింది. "సోమవారానికి అయిపోతది సార్," అన్నాను.

శనివారం మధ్యాహ్నం ఆ కట్ట దించాను. ఒక్కో షీటు మడత విప్పి, బల్ల మీద పెట్టి, అరచేత్తో గట్టిగా రుద్ది చదును చేశాను. ఆనవాలు కనబడకూడదని కొన్నింటి మీద గాజు పేపర్‌వెయిట్ పెట్టి అదిమాను. టైపు చేయడం మొదలుపెట్టాను. స్క్రీన్ మీద ఒకచోట "స్థితి" అని ఉంటుంది. క్లోజ్డ్ అని పెడితే ఉత్తర్వు నంబరు అడుగుతుంది. నంబరు లేదు కనుక యాక్టివ్ అని పెట్టాను. దానికింద "రిమార్కులు" అని ఖాళీ డబ్బా ఉంటుంది. అందులో ఏమైనా రాయొచ్చు. ఇన్నేళ్లుగా ఏ కేసూ లేదు, ఫలానా దుకాణంలో పని చేస్తున్నాడు అని ఒక్క లైను రాస్తే సరిపోయేది. ఎవరూ అడ్డం చెప్పేవారు కాదు. ఒక్కో షీటుకు ఒక నిమిషం ఎక్కువ పడుతుందని అరవై ఒక్క డబ్బాలూ ఖాళీగా వదిలేశాను.

కిషన్ షీటు వచ్చినప్పుడు ఒక క్షణం ఆగాను. పేరు చూశాను. మనిషి కళ్లముందు మెదిలాడు. మెదిలినా తర్వాతి గడిలోకి పోయే బటన్ నొక్కాను.

ప్రశంసాపత్రం వచ్చింది. ఫొటో కూడా దిగాను. వేరే ఠాణాలవాళ్లను నా దగ్గరికి పంపి నేర్చుకోమన్నారు.

మరుసటి సెప్టెంబర్, 2001. వినాయక నిమజ్జనానికి ముందు పాత నేరస్తుల్ని తెచ్చి, గొడవ చేయబోమని మేజిస్ట్రేటు ముందు పూచీకత్తు రాయించడం మామూలే. దాన్ని బైండోవర్ అంటాం. మునుపైతే ఎవర్ని తేవాలో మా కానిస్టేబుళ్లకు తెలుసు. ఈసారి డివిజన్ ఆఫీసు నుంచి కొత్త పోలీసు బృందం వచ్చింది, చేతిలో ప్రింటు పెట్టుకుని. యాక్టివ్ అని ఉన్న ప్రతివాణ్ణీ ఎత్తుకొచ్చారు.

నేను గాజు తలుపు లోపల ఉన్నాను. వరండాలో వరసగా నేలమీద కూర్చోబెట్టినవాళ్లలో కిషన్ కనిపించాడు. నడుముకు దుకాణం గుడ్డ అట్లాగే ఉంది, మోచేతుల దాకా సీతాఫలం గుజ్జు ఉంది. ముఖం పాలిపోయింది. నన్ను చూడగానే ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. పక్కవాడితో అన్న మాట తలుపు సందులోంచి నాకు వినబడింది: "ఫికర్ లేదు. హెర్బర్ట్ సార్ ఉన్నడు."

తల వంచుకుని కీబోర్డు చూశాను.

వేలిముద్రలు తీసే కుర్ర కానిస్టేబుల్ కిషన్ చేతిని సిరాలో మూడుసార్లు అద్దాడు. ముద్ర పడలేదు. ఉప్పుకు గీతలన్నీ అరిగిపోయాయి. "కావాల్నని జేస్తున్నవారా?" అని వేళ్లు విరిచినంత పని చేశాడు. తర్వాత పలక మీద పేరూ నంబరూ రాసి, ఛాతీ దగ్గర పట్టుకోమని, గోడకు నిలబెట్టి ఫొటో తీస్తుంటే గేటు దగ్గర బడి డ్రెస్సులో ఒక పిల్ల నిలబడి ఉంది. అక్షిత. తొమ్మిదో తరగతి. దుకాణంలో ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చింది. కిషన్ ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. ఫొటో చెడిపోయిందని కానిస్టేబుల్ తిట్టి, గడ్డం పట్టి తిప్పి, మళ్లీ తీశాడు.

మధ్యాహ్నం దాటాక వదిలారు. చేతిలో బైండోవర్ కాగితం, దానికి కుట్టిన షీటు ప్రింటు ఉన్నాయి. గుమ్మం దగ్గర నాకోసం ఆగాడు. కూతురు దూరంగా నిలబడింది.

"సార్, నాది లక్ష్మణరావు సార్ మడిచి పెట్టిండు గద. మళ్ల ఎవరు ఎక్కిచ్చిన్రు?"

"కంప్యూటర్ల గట్లనే వచ్చింది కిషన్," అన్నాను. "మడత సంగతి మిషన్‌కేం తెలుస్తది? అంత పైనోళ్ల చేతులుంటది. నేను అర్జీ పెడ్త, ఫికర్ చెయ్యకు."

"మిషనా సార్?"

"ఔ. మిషనే."

మూడు అబద్ధాలు ఒక్క ఊపిరిలో చెప్పాను. బాగానే అతికినట్టు చెప్పాను కూడా. ఠాణాలో పద్దెనిమిదేళ్లు అబద్ధాలు వింటూ కూర్చున్నవాడికి ఆమాత్రం రాదా?

వామన్‌రావు చెడ్డమనిషి కాదు. కానీ నలుగురు తింటున్నచోటికి జీపు వచ్చి మనిషిని ఎత్తుకుపోతే ఏం చేస్తాడు? లక్ష్మణరావు గారు ఉంటే వచ్చి మాట్లాడేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. అప్పుడు మాట్లాడాల్సింది నేను. ఆ వారమంతా మార్కెట్ పక్కకు పోకుండా గన్‌ఫౌండ్రీ మీదుగా చుట్టు తిరిగి డ్యూటీకి వెళ్లాను. పది రోజులకు కిషన్‌ను పనిలోంచి తీసేశారని తెలిసింది.

తర్వాత అఫ్జల్‌గంజ్ బస్సుల దగ్గర బండి మీద బొప్పాయి, అనాసముక్కలు కోసి అమ్ముకున్నాడు. కంప్యూటర్ అన్ని ఠాణాలదీ కదా, అక్కడా వదల్లేదు. ఎవరి పర్సు పోయినా పోలీసులు ముందు ఆ బండి దగ్గరికొచ్చేవాళ్లు. ఏటా సెప్టెంబర్‌లో మా ఠాణాకొచ్చి నేలమీద కూర్చునేవాడు. సంతకం పెట్టి పోయేముందు ఏటా నా దగ్గరికొచ్చి, అదే గొంతుతో, కోపం లేకుండా అడిగేవాడు.

"సార్, అది ఎవరు జేసిన్రో ఏమన్న తెలిసిందా?"

"అర్జీ పైకి పోయింది కిషన్. ఇంకా రాలే."

అర్జీ లేదు. ఒక్క ముక్క రాయలేదు. రాస్తే ఎవరు ఎక్కించారు, రిమార్కులు ఎందుకు ఖాళీగా ఉన్నాయి, మడతలు ఎవరు తీశారు అని వరసగా అడుగుతారు. నా పేరు బయటికొస్తుంది. నాకేమో ఏఎస్‌ఐ ప్రమోషన్ జాబితా దగ్గరపడుతోంది. నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజన సంస్కారానికి మోకరించి, రొట్టె అందుకుని, కళ్లు మూసుకునేవాణ్ణి. ఆ చేతులతోనే.

2002లో అడిగాడు. మూడులో అడిగాడు. నాలుగులో అడిగాడు. 2005లో అడగలేదు. సంతకం పెట్టి, వేలి సిరా గోడకు తుడిచి, మెట్లు దిగుతున్నాడు. నేనే ఉండబట్టలేక పిలిచాను.

"కిషన్, ఆ అర్జీ..."

"సరే సార్," అన్నాడు. వెనక్కి తిరగలేదు.

అడిగినన్నాళ్లూ లేని భయం అడగనప్పుడు పట్టుకుంది. ఆ రోజు అన్నం సహించలేదు. మాబెల్ అడిగితే మొదటిసారి అంతా చెప్పాను. ఆమె పళ్లెం పక్కకు జరిపింది.

"మిషన్ మీద పెట్టినవా? నిన్ను నమ్మినోని ముందటనా?" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పైకి పంపే కాగితం రాశాను. రెండు పేజీలు. పద్దెనిమిదేళ్లుగా ఏ కేసూ లేదని, షీటు మూసేయడం న్యాయమని. ఏసీపీ గారు చదివి, అడగాల్సినవి అడిగి, నన్ను నాలుగు మాటలని, సంతకం పెట్టారు. ఉత్తర్వు రావడానికి పట్టింది తొమ్మిది రోజులు. కిషన్ బతుకు నాలుగేళ్లకు పైగా నలిగింది తొమ్మిది రోజుల పని కోసం. నంబరు కొట్టి యాక్టివ్ తీసేసి క్లోజ్డ్ అని పెట్టాను. మిగతా అరవై మందివీ ఒక్కొక్కటిగా పంపడం మొదలుపెట్టాను. అందులో తొమ్మిదిమంది అప్పటికే చనిపోయారు.

ఆదివారం చర్చి అయ్యాక ఉత్తర్వు కాపీ తీసుకుని నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో కిషన్ ఇంటికి వెళ్లాను. ఒకటే గది. కిషన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. డిగ్రీ చదువుతున్న అక్షిత కాగితం అందుకుని, చదివి, తండ్రికి చెప్పింది.

"బంద్ చేసిన్రు నాయినా. ఇగ పిలువరు."

కిషన్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పొయ్యి దగ్గరున్న అతని భార్య యాదవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచి వచ్చింది.

"మా కోసం ఇన్నేండ్లు తిరిగిన్రు సార్. మీ కడుపు సల్లగుండ," అని నాకు చేతులెత్తి దండం పెట్టి, ఛాయ్ పెట్టడానికి పోయింది.

ఆ దండం నేను మోయలేకపోయాను.

"కిషన్, అర్జీ ఎప్పుడు పెట్టలే. మిషన్ చెయ్యలే. నీ షీటు మడత తీసింది నేనే, ఎక్కిచ్చింది నేనే. నువ్వని తెలిసే ఎక్కిచ్చిన."

యాదవ్వ చేతిలో గిన్నె ఆగింది. కిషన్ ముఖంలో ఏ మార్పూ లేదు. అక్షితే మాట్లాడింది.

"తెలుసు సార్. మొదటిసారి మీరిచ్చిన కాగితం కింద ఉండె గద, ఎంట్రీ చేసినోళ్లు అని మీ పేరు, తారీఖు. మా నాయినకు ఇంగ్లీషు రాదు. ఇంటికొచ్చినంక నేనే చదివి చెప్పిన. అమ్మకే చెప్పలే."

అంటే కిషన్‌కు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే ఏటా వచ్చి అడిగాడు.

"మరి నన్నెందుకు అడిగినవ్ కిషన్, ఏటేటా?"

అతను కాగితం మీంచి తలెత్తాడు.

"నన్ను మూడోసారి పట్టుకున్నప్పుడు మీరే గద సార్, పక్కకు కూసోబెట్టి చెప్పిన్రు. తప్పు ఒప్పుకోరా, ఒప్పుకుంటే మనసు తేలికైతది, దేవుడు గూడ మాఫ్ జేస్తడు అని. మీ మాట ఇని ఒప్పుకున్న. ఎనిమిది నెలలు లోపలున్న. మీరు గూడ ఒప్పుకుంటరేమో అని మూడేండ్లు అడిగిన."

"ఇప్పుడు ఒప్పుకుంటున్న కదా కిషన్."

"ఔ సార్. ఇన్న."

ఉత్తర్వు కాగితాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, భార్య వైపు తిరిగాడు.

"యాదవ్వా, ఛాయ్ పెట్టకు. సార్ పోతున్నరు."

నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను.